మ్యాచింగ్ నంబర్స్ అయినంత మాత్రాన అసలు బండి కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ పెట్టిన జోరు బండ్ల) మీద వేసిన వ్యాసం చదివానండి, ఫొటోలు బాగున్నాయి, తెలుగులో ఇలాంటివి రావడమే అరుదు కాబట్టి ముందు థాంక్స్. కానీ అందులో ఒక మాట రాశారు, ఇంజిన్ మీద నంబరూ బండి నంబరూ కలిస్తే చాలు, అంటే మ్యాచింగ్ నంబర్స్ అయితే, ఇక అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు బండే, కళ్లు మూసుకుని కొనొచ్చు అని. ఆ మాట నమ్మితే డబ్బు పోతుందండి. నాకు కొద్దిలో తప్పింది, అందుకే రాస్తున్నా.

నేను ఒహాయోలో సిన్సినాటిలో ఉంటా. ఈ ఊరి మధ్యలోనే నార్‌వుడ్ అని చిన్న ఊరుంది, 1969 షెవర్లే కమారోలు ఎక్కువ శాతం అక్కడి జీఎం (జనరల్ మోటార్స్) ప్లాంట్లోనే తయారయ్యాయి, మిగతావి కాలిఫోర్నియాలో వాన్ నైస్ ప్లాంట్లో. పోయిన ఏడాది ఒక పాత కార్ల షోరూమ్‌లో 69 కమారో జెడ్/28, అంటే కమారోల్లో ఎక్కువ రేటు పలికే స్పెషల్ రకం, చూశా, నీలం రంగు, తెల్ల చారలు, 70 వేల డాలర్లు చెప్పారు, నంబర్స్ అన్నీ మ్యాచింగ్ అని కాగితం మీద కూడా రాసిచ్చారు. చిన్నప్పటి నుంచి కలలోకి వచ్చిన బండి, అడ్వాన్స్ ఇచ్చేద్దామనే వెళ్లా.

ఇక్కడ అసలు చిక్కేంటంటే 69 కమారో విన్‌లో, అంటే ఫ్యాక్టరీ ఇచ్చే బండి నంబర్లో, జెడ్/28 అని ఎక్కడా ఉండదు. మొత్తం 13 స్థానాలు. 12437 అంటే షెవర్లే, వీ8 (ఎనిమిది సిలిండర్ల) కమారో, కూపే. తర్వాత 9 అంటే 1969, ఎన్ అంటే నార్‌వుడ్, మిగతా ఆరు వరుస నంబరు. ఆ వీ8 మామూలు 307 ఇంజినా, జెడ్/28లో పెట్టే 302 ఇంజినా అన్నది విన్ చెప్పదు, ఇంజిన్ కోడ్ విన్‌లోకి వచ్చింది 1972లో. 69 మోడల్ కమారోలు 2,43,085 తయారైతే అందులో జెడ్/28లు 20,302 మాత్రమే, అంటే మామూలు కూపే బాడీలు కుప్పలు తెప్పలు, దాంట్లో ఒక 302 పెట్టి చారలు వేసేస్తే రేటు ఎక్కడికో పోతుంది. ప్లిమత్, డాడ్జ్ బండ్లలో ఈ బాధ కొంత తక్కువ, వాటి విన్‌లో ఐదో అక్షరమే ఇంజిన్ చెప్పేస్తుంది, 1970, 71 మోడళ్లలో ఆర్ ఉంటే 426 హెమీ అనే పెద్ద ఇంజిన్.

నేను పెరిగింది బెజవాడ ఆటోనగర్‌లో మా మావయ్య షెడ్డులో. బ్రేకినస్పెక్టర్ దగ్గరికి బండి వెళ్లే ముందు కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది చాసిస్ ప్రింట్ తీసే పని నాదే, అప్పుడు మావయ్య చెప్పేవాడు, ఒరే అంకె చూడటం కాదురా, అంకె కింద ఇనుము చూడు, గ్రైండింగ్ పట్టిందా లేదా చూడు అని. ఆ అలవాటుతోనే ఆ కమారో బానెట్ ఎత్తగానే ఇంజిన్ ముందు భాగంలో ప్యాసింజర్ వైపు హెడ్ ముందుండే చిన్న ప్యాడ్ మీద బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిచి టార్చి ఏటవాలుగా పట్టుకుని చూశా. స్టాంప్ వి0204డీజెడ్ అని ఉంది, అంటే ఫ్లింట్ ప్లాంట్లో ఫిబ్రవరి 4న బిగించిన జెడ్/28 ఇంజిన్, పక్కనే విన్ తాలూకు అంకెలు, అన్నీ కలిశాయి. కానీ ప్యాడ్ అద్దంలా నున్నగా ఉంది.

అది అలా ఉండకూడదండి. ఫ్యాక్టరీలో ఇంజిన్ బ్లాక్ పైభాగాన్ని బ్రోచ్ అనే మెషిన్‌తో ఒకే ఊపులో చెక్కేవాళ్లు, దాంతో ముందు నుంచి వెనక్కి జుట్టు దువ్వినట్టు సన్నటి గీతలు పడతాయి, స్టాంప్ ఆ గీతల మీదే కొట్టేవాళ్లు. తర్వాత ఎవరైనా పాత అంకెలు అరగదీసి కొత్తవి కొడితే ముందు పోయేవి ఆ గీతలే. ఇంకోటి, ఇంజిన్ కోడ్ కొట్టింది ఫ్లింట్‌లో, విన్ అంకెలు కొట్టింది నార్‌వుడ్‌లో, ఊరు వేరు, పంచ్‌లు వేరు, కొట్టిన మనిషి వేరు. నేను చూసిన దాంట్లో రెండూ ఒకే లోతు, ఒకే సైజు, ఒకే చేత్తో కొట్టినట్టున్నాయి. నిజాయితీగా చెప్తే గీతలు లేనంత మాత్రాన మోసం అని కూడా అనలేం, రీబిల్డ్‌లో మెషిన్ షాపు వాళ్లు డెక్ (ఆ బ్లాక్ పైభాగం) పట్టించినా పోతాయి, కాబట్టి అక్కడితో ఆగలేదు.

చిన్న అద్దం అడిగి తీసుకుని బ్లాక్ వెనక గేర్‌బాక్స్ అతికే అంచు దగ్గర పోత తేదీ వెతికా. ఇది పంచ్‌తో కొట్టింది కాదు, పోత పోసేటప్పుడే అచ్చులో ఉబ్బెత్తుగా వచ్చేది, మార్చడం చాలా కష్టం. ఆరెంజ్ పెయింట్ దట్టంగా పట్టించారు, గోటితో గీరితే బయటపడింది, సి 12 9. మూడో నెల 12వ తారీకు, 69. మార్చిలో పోసిన బ్లాక్‌తో ఫిబ్రవరిలో ఇంజిన్ ఎలా బిగిస్తారండి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు! ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద కౌల్ ట్యాగ్ అనే చిన్న ప్లేటులో బాడీ తేదీ కూడా 02బి, ఫిబ్రవరి రెండో వారం. సేల్స్ అతనికి చూపిస్తే మాట్లాడలేదు, నేను ఇంటికొచ్చేశా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ట్యాగ్ విషయంలోనూ జాగ్రత్త. ట్యాగ్ మీద నెల, వారం ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు, 70 కమారో లేటవడం వల్ల 69 మోడల్‌ను 1969 నవంబర్ దాకా తయారు చేశారు, కాబట్టి 11 అని ఉంటే అది 68 నవంబరా 69 నవంబరా అన్నది వరుస నంబరుతో సరిచూసుకోవాల్సిందే. ఎక్స్33, ఎక్స్77 కోడ్ ఉంటే జెడ్/28 అంటారు, నిజమే, కానీ నార్‌వుడ్‌లో ఆ కోడ్లు మొదలైంది 1968 డిసెంబర్లో, అంతకు ముందు బండికి లేకపోతే నకిలీ అని తిట్టకూడదు, ఉన్నా పొంగిపోకూడదు, కొత్త ట్యాగులు చేసి అమ్మేవాళ్లున్నారు.

అన్నిటికన్నా గట్టిది కాగితం. పాంటియాక్ అయితే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర, 1967 నుంచి ఫోర్డ్ అయితే మార్టీ రిపోర్ట్‌లో బండి ఎలా తయారైందో దొరుకుతుంది. అమెరికాలో అమ్మిన షెవర్లేకి ఆ దారి లేదు, అందుకే పెట్రోల్ ట్యాంక్ మీదో సీటు స్ప్రింగుల్లోనో ఇరుక్కుపోయిన బిల్డ్ షీట్ (ఆ బండికి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీ రాసుకున్న కాగితం) చిరుగు ముక్క దొరికినా బంగారమే.

నాకు కోపం వచ్చేది ఇంకో దానికి. లైన్లో బండి పరిగెడుతుంటే ఇన్‌స్పెక్టర్లు ఫైర్‌వాల్ మీద క్రేయాన్‌తో అంకెలు గీసేవాళ్లు, యాక్సిల్ మీద రంగు చుక్క పెట్టేవాళ్లు, అండర్ బాడీలో పెయింట్ అక్కడక్కడా సరిగ్గా అంటేదే కాదు. అవి ఆ మనుషుల చేతి గుర్తులు. ఇప్పుడు రీస్టోర్ చేసేవాళ్లు వాటన్నిటినీ వైర్ బ్రష్ పెట్టి గీకేసి, ఫ్యాక్టరీలో ఎన్నడూ లేనంత మెరుపు తెప్పించి షోలో పెడతారు, ఆ తర్వాత ఆ బండి అసలుదో కాదో తేల్చడానికి మిగిలేది ఏముంటుంది? తుప్పు పట్టినా సరే, విప్పే ముందు ప్రతి గుర్తునీ ఫొటో తీసుకోండయ్యా.

ఇక్కడ మనవాళ్లు కూడా ఈ బండ్లు కొంటున్నారు, మీ పేపర్ ఇండియా నుంచి ఫోన్లో చదువుతారు. ఉత్తరం పెద్దదైంది, తగ్గించి వేసుకున్నా ఫర్వాలేదు, బ్రోచ్ గీతలు, పోత తేదీ సంగతి మాత్రం తీసెయ్యకండి.

ఇట్లు
మీ పాఠకుడు, సిన్సినాటి