చెప్పిన మాట వినడం గురించి ఒక నర్సు ఉత్తరం

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఇప్పటి పిల్లలకి విధేయత లేదని, తండ్రి మాట, పంతులు మాట, గురువు మాట వినేవాళ్లే కరువయ్యారని, పెద్దల మాట చద్దిమూట అని మరిచిపోయారని, కనీసం రాముణ్ణి చూసైనా నేర్చుకోవాలని ఆయన బాధ. బాధ అర్థమైంది. కానీ నేను ముప్ఫై ఏళ్లకి పైగా నర్సుగా చేసి రిటైరైన మనిషిని, నా ఉద్యోగమంతా ఎవరో ఒకరి ఆర్డరు మీదే నడిచింది, అందుకని నాకూ రెండు ముక్కలు రాయాలనిపించింది. రెండు అన్నాను గానీ పెరిగేలా ఉంది, మీరే కత్తిరించుకోండి.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు చెయ్యాలి. అక్కడ చర్చలు పెడితే బల్ల మీద మనిషి మిగలడు. కాబట్టి ఎవరి మాటా ఎవరూ వినొద్దని నేను అనడం లేదు. వినడం అలవాటైపోయాక చెవికీ చేతికీ మధ్య బుర్ర అనేది ఒకటి ఉందని మరిచిపోతాం చూడండి, నా గొడవ దాని గురించి.

1966లో అమెరికాలో హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు బృందం నర్సుల మీదే ఒక పరీక్ష చేసి ప్రచురించింది. వార్డులో నర్సు ఒక్కతే ఉన్నప్పుడు ముక్కూమొహం తెలియని డాక్టరు ఫోన్ చేసి, ఫలానా పేషెంటుకి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇచ్చెయ్యండి, నేను వచ్చి సంతకం పెడతాను అంటాడు. 10కి మించకూడదని డబ్బా మీద రాసే ఉంది. ఫోన్‌లో చెప్పిన మందు ఇవ్వకూడదని అక్కడి రూలు కూడా ఉంది. అయినా 22 మందిలో 21 మంది మందు తీసుకుని పేషెంటు వైపు బయల్దేరారు. అది ఉత్తుత్తి మందే, వాళ్లని దారిలోనే ఆపేశారు. వేరే 12 మంది నర్సుల్ని కూర్చోబెట్టి మీరైతే ఏం చేస్తారని అడిగితే 10 మంది ఇవ్వం అన్నారు. కుర్చీలో కూర్చున్నప్పుడు అందరం ధైర్యవంతులమే. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, సిగ్గేసింది, ఎందుకో చివర్లో చెప్తాను.

నర్సులే కాదు. 1961లో జెరూసలేంలో ఐక్‌మన్ విచారణ జరిగింది. లక్షలాది యూదుల్ని చావు శిబిరాలకి రైళ్లెక్కించిన ఆ నాజీ అధికారి, పైనుంచి వచ్చిన ఆదేశాలు అమలు చేశానంతే అని వాదించుకున్నాడు. అదే ఏడాది అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు మామూలు మనుషుల్ని పిలిపించి, పక్క గదిలో తప్పు జవాబు చెప్పినవాడికి కరెంటు షాకు ఇమ్మన్నాడు. షాకులు నిజం కావు, ఇచ్చేవాళ్లకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. 40 మందిలో 26 మంది చివరి మీట దాకా, అంటే 450 వోల్టుల దాకా వెళ్లారు. చెమటలు పట్టాయి, గొణిగారు, ఆపేద్దామా అన్నారు, కానివ్వండి అనగానే మళ్లీ నొక్కారు. ఈ ప్రయోగం మీద విమర్శలు లేకపోలేదు, షాకులు నిజమని కొందరు నమ్మలేదని తర్వాత వాదనలొచ్చాయి. కానీ ఈ 26 అంకె చెప్పినంతగా ఎవరూ చెప్పని ఇంకో అంకె ఉంది. ఇంకోసారి, ముందే చెప్పిపెట్టి పక్కన కూర్చోబెట్టిన ఇద్దరు మేము చెయ్యం అని లేచిపోయినప్పుడు, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. అదే పరీక్ష, అదే ఆదేశం, అదే మీట. లేచినవాళ్లు ఇద్దరే.

ఇక ఆ పెద్దాయన చెప్పిన రాముడి దగ్గరికొస్తాను. తండ్రి మాట కోసం అడవికి వెళ్లాడు, నిజమే. మరి భరతుడో? దశరథుడి మాట ప్రకారం రాజ్యం భరతుడిదే కదా. తల్లి కోరింది, తండ్రి ఇచ్చాడు, వసిష్ఠుడు మొదలు పెద్దలంతా పట్టం కట్టుకోమన్నారు, చివరికి చిత్రకూటంలో అన్నగారే నాన్న మాట నిలబెట్టు అన్నాడు. భరతుడు ససేమిరా అన్నాడు. పాదుకలకి పట్టం కట్టి నారచీరలతో నందిగ్రామంలో కూర్చున్నాడు. ఇన్ని వందల ఏళ్లలో భరతుణ్ణి మాట వినని కొడుకని ఒక్కరైనా అన్నారా? రామాయణం ఇద్దర్నీ నెత్తిన పెట్టుకుంది. మనమే ఒకణ్ణి పాఠం చేసి రెండోవాణ్ణి ఉత్త అన్నభక్తుడిగా సరిపెట్టాం.

పరశురాముడి కథలో ఇది ఇంకా దారుణం. తల్లి తల నరకమని జమదగ్ని అంటే నలుగురు పెద్దకొడుకులు కదల్లేదు, తండ్రి శాపానికి పశువుల్లా అయిపోయారు. చిన్నవాడు నరికాడు, వరాలు పొందాడు, ఆ వరంతోనే తల్లినీ అన్నల్నీ మామూలు చేయించుకున్నాడనుకోండి. కానీ తల్లి మీద చెయ్యెత్తని ఆ నలుగురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? పోతనగారి ప్రహ్లాదుడు వేరే రకం. చదువులలో మర్మమెల్ల చదివానని ఎంత గట్టిగా చెప్పినా పద్యం చివర తండ్రీ అనే పిలుస్తాడు. ఎదురు చెప్పడం వేరు, ఎగిరిపడటం వేరని ఆ ఒక్క పిలుపులో ఉంది. బలి కూడా అంతే, గురువు వద్దన్న దానం చేసి గురువు శాపం నెత్తిన వేసుకున్నాడు.

మతం అంటే తలవంచడమేనని కూడా ఆ పెద్దాయన రాశారు. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పి చెప్పి కృష్ణుడు చివరికి అర్జునుడితో అన్నది, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని. గురువు చెప్పాడని, గ్రంథంలో ఉందని మాత్రమే నమ్మెయ్యొద్దని బుద్ధుడు కాలాములనే జనానికి చెప్పాడు. బైబిల్లో అబ్రాహాము కొడుకుని బలి ఇవ్వమంటే నోరెత్తకుండా బయల్దేరాడని అందరికీ తెలుసు, కానీ అంతకుముందు సొదొమ పట్టణాన్ని కాపాడాలని అదే మనిషి దేవుడితోనే బేరమాడాడు, యాభై మంది నీతిమంతులుంటే వదిలేస్తావా దగ్గర్నుంచి పదిమంది దాకా దించాడు. దేవుడు కోప్పడలేదు కూడా. దేవుళ్లకి లేని పట్టింపు మధ్యలో మనుషులకి ఎందుకో నాకు తెలీదు.

1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనరీఫ్ దీవిలో పొగమంచులో ఒక కెప్టెన్ టేకాఫ్ కోసం విమానాన్ని పరుగు పెట్టించాడు. వెనక కూర్చున్న ఇంజనీరుకి అనుమానం వచ్చింది, రన్‌వే మీద రెండో విమానం ఇంకా పక్కకి వెళ్లలేదేమో అని అడిగాడు కూడా. వెళ్లిందిలే అన్నాడు కెప్టెన్, చాలా పేరున్న సీనియరు. ఇంజనీరు ఇంక అడగలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది పోయారు. ఆ తర్వాత విమానాలవాళ్లు మారారు. అనుమానం వస్తే పైవాడికి గట్టిగా చెప్పడం కిందివాడికీ, విని ఆగడం పైవాడికీ శిక్షణలో భాగం చేశారు. క్రమశిక్షణ అంటే అదీ. మన బళ్లలో, ఆఫీసుల్లో, ఆశ్రమాల్లో, పార్టీల్లో కిందివాడు ఆగండి అంటే నిజంగా ఆగే ఏర్పాటు ఎక్కడైనా ఉందా అని మీ పత్రిక ఒకసారి ఆరా తీస్తే బాగుంటుంది. పిల్లలకి విధేయత తగ్గిందో లేదో లెక్క తర్వాత చూసుకోవచ్చు.

సిగ్గు సంగతి చెప్తానన్నాను కదా. హెడ్ నర్సునయ్యాక ఒక నైట్ డ్యూటీలో, కొత్తగా చేరిన అమ్మాయి కేస్ షీటు పట్టుకొచ్చి, మేడమ్, ఈ డోసు ఎక్కువనిపిస్తోంది, డాక్టరుగారిని ఒకసారి అడగమంటారా అంది. టైము రెండు దాటింది, అలసటగా ఉంది, రాసింది చెయ్యి, నువ్వేమన్నా డాక్టరువా అన్నాను. ఆ పిల్ల ఏడుపు మొహంతోనే వెళ్లి నాకు తెలియకుండా ఫోన్ చేసింది. డోసు అంకె మధ్యలో చుక్క పెట్టడం మర్చిపోయానని డాక్టరు ఒప్పుకున్నాడు. పొద్దున ఆ పిల్లకి థాంక్స్ చెప్పాల్సింది పోయి, నన్ను దాటి ఎందుకు ఫోన్ చేశావని అందరి ముందూ మళ్లీ తిట్టాను. ఆ తర్వాత ఆర్నెల్లు ఆ అమ్మాయి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పిల్ల దారిలో పడింది అనుకున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు