నిర్మలా సీతారామన్ గారికి: ఆ 2 శాతం ఓడినవాళ్ల దాకా ఎప్పుడొస్తుంది?

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి గారికి నమస్కారం.

మీరు నరసాపురం కోడలు, తెలుగు బాగా వచ్చు, అందుకే తెలుగులోనే రాస్తున్నాను. నా ప్రశ్న ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో ఓడినవాళ్ల గురించి. జీఎస్టీ, సీఎస్‌ఆర్ (కంపెనీలు తమ లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలనే నియమం) రెండూ మీ చేతిలోవే కాబట్టి ఇది మా శాఖ కాదు అనే వీలు మీకు లేదు.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని పార్లమెంటు నిషేధించింది. మంచిదే. (తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ముందే నిషేధించాయి, ఫోన్‌లో లొకేషన్ మార్చుకుని ఆడేవాళ్లు ఆడుతూనే వచ్చారు, అది వేరే కథ.) నేను అడిగేది అప్పటికే మునిగిపోయినవాళ్ల సంగతి. చిట్టీ పాడిన డబ్బు రమ్మీలో పోగొట్టుకుని, పోయింది రాబట్టుకోవాలని భార్య మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి, అదీ పోయాక లోన్ యాప్‌లలో తీసుకుని, ఇప్పుడు రికవరీ ఏజెంట్ల ఫోన్లకు భయపడి సిమ్‌లు మార్చుకు తిరిగే కుర్రాళ్లున్నారు. యాప్ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు.

బాధ్యత గురించి ఈ ఆటలు నడిపిన కంపెనీలు మాట్లాడలేదని కాదు. డబ్బు పోవచ్చు, వ్యసనం కావచ్చు, బాధ్యతగా ఆడండి అని ప్రకటన చివర మామూలు వేగంతో చెప్పాలని ప్రకటనల మండలి 2020 డిసెంబర్‌లోనే నియమం పెట్టింది. మనం విన్నది మాత్రం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పిన గొణుగుడు! బాధ్యత ఆడేవాడిదట, లాభం వాళ్లదట. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి, బడికో ఆటలకో మొక్కలకో ఇచ్చి ఫొటో దిగితే లెక్క సరిపోతుంది. ఎవరి డబ్బుతో ఆ లాభం వచ్చిందో వాళ్ల వైద్యానికి రూపాయి ఇవ్వాలని ఎక్కడా లేదు. సారా కొట్టువాడు గుడికి గంట కట్టించినట్టుంది.

కోపం తెచ్చుకోకండి గానీ ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 2023 అక్టోబర్ నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ తీసుకున్నారు, గెలిచినవాడి దగ్గర 30 శాతం టీడీఎస్ కూడా.

బ్రిటన్‌లోనూ ఏళ్ల తరబడి కంపెనీలు ఇష్టమైనంత విరాళం ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. చివరికి 2025 ఏప్రిల్ నుంచి జూదం రాబడి మీద 0.1 నుంచి 1.1 శాతం దాకా తప్పనిసరి సుంకం వేశారు, అందులో సగం చికిత్సకే.

మీరూ ఆ పని చేయండి. డబ్బు ఆటలతో సంపాదించిన కంపెనీ తన సీఎస్‌ఆర్‌లో సగం జూద వ్యసన చికిత్సకు, అప్పుల్లో ఉన్నవాళ్లకు దారి చూపే కేంద్రాలకు ఇచ్చి తీరాలని రూల్ పెట్టండి, అవసరమైతే చట్టమే సవరించండి. లెక్క మూడేళ్ల సగటు మీద కాబట్టి నాన్చేకొద్దీ పాత లాభాలు లెక్కలోంచి జారిపోతాయి. మీరు వసూలు చేసిన దాంట్లోంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో ఈ వ్యసనం గురించి తెలిసిన తెలుగు కౌన్సెలర్లను పెంచండి. వచ్చే బడ్జెట్ ప్రసంగంలో రెండు అంకెలు చెప్పండి చాలు: ఈ ఆటల మీద జీఎస్టీ మొత్తం ఎంత వచ్చింది, అందులో వీళ్లకు ఎంత ఇస్తున్నారు.

ఇట్లు,
పన్ను కట్టే ఒక తెలుగువాడు