శనివారం బట్వాడా గురించి ఆర్థిక మంత్రి గారికి

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నెల్లూరు నుంచి ఒక సెంట్రింగ్ కాంట్రాక్టరు నమస్కరించి రాసుకుంటున్నది. 2014లో మీరు ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్లారు. తెలుగు మీకు వచ్చు కనుక, మధ్యలో ఎవరి తర్జుమా అక్కర్లేదన్న ధైర్యంతో, నాకు దొరకని ఇంటి రుణం గురించి తెలుగులోనే రాస్తున్నాను.

కాంట్రాక్టరు అనేది నాకు పెద్ద మాటే. పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకొని, పద్నాలుగు మందిని వెంటబెట్టుకొని సెంట్రింగ్ కొట్టి, కమ్మీ కట్టి, స్లాబు వేసి దిగిపోయే సబ్ కాంట్రాక్టరును. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఉండేది అద్దె ఇంట్లో.

బుజబుజనెల్లూరు దగ్గర మా మామగారు ఇచ్చిన ఇరవై అంకణాల స్థలం ఉంది. మా వైపు అంకణమంటే ఎనిమిది చదరపు గజాలు. బ్యాంకు దరఖాస్తులో చదరపు మీటర్లు అడిగితే ఆ లెక్క మా అబ్బాయి వేసిపెట్టాడు. అందులో ఇల్లు కట్టుకుందామని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 25 లక్షల రుణం అడిగాను. పేరు రాయను. అక్కడి ఉద్యోగుల మీద నాకు కోపం లేదు.

అధికారి నా ఖాతా స్టేట్‌మెంటు ముందు పెట్టుకొని పెన్సిలు తీశారు. ప్రతి శనివారం దగ్గర ఒక సున్నా చుట్టారు. యాభై ఐదు వేలు, అరవై వేలు, మళ్లీ యాభై ఐదు. "ప్రతి వారం ఇంత నగదు ఎందుకు తీస్తున్నారు?" అన్నారు. "శనివారం బట్వాడా సార్, కూలీలకు వారం డబ్బులు" అన్నాను. ఫోన్‌పేలో వేయకూడదా అన్నారు. కొందరికి అలాగే వేస్తున్నాను. మిగిలిన వాళ్లకు సాయంత్రం చేతిలో నోట్లు పడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తరువాత నవంబరు దగ్గర ఆగారు. జమలు లేవేమన్నారు. మా నెల్లూరుకు వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అలాంటి నెలల్లో స్లాబు ఎవరు వేయిస్తారు? ఆయన తలూపారు. ఆ సున్నా మాత్రం చెరపలేదు.

అసలు చిక్కు ఆదాయపు పన్ను రిటర్నుల దగ్గర వచ్చింది. మాలాంటి చిన్న వ్యాపారులు ఖాతా పుస్తకాలు రాయలేరని మీ శాఖే పన్ను చట్టంలో 44ఏడీ అని ఒక వెసులుబాటు ఇచ్చింది. బ్యాంకు ద్వారా వచ్చిన బిల్లుల మీద 6 శాతం, నగదుగా వచ్చిన దాని మీద 8 శాతం లాభంగా చూపితే చాలు, పుస్తకాలు అడగరు. ఏడాదికి నా బిల్లులు 42 లక్షల దాకా ఉంటాయి. ఆరు శాతమంటే రెండున్నర లక్షలు. అంటే నెలకు ఇరవై ఒక్క వేలు. ఆ ఆదాయానికి 25 లక్షలు ఎలా ఇస్తామని బ్యాంకు అడిగింది. లాభనష్టాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టిక తెమ్మంది. ఒక గుమ్మంలో పుస్తకాలు అక్కర్లేదన్నారు, పక్క గుమ్మంలో అవి లేనిదే మాటే లేదన్నారు. రెండు గుమ్మాలూ సర్కారువే.

ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచను. చట్టంలో ఉన్నది కనీసం 6 శాతమని. ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. కూలీలు, ప్లేట్ల అద్దె, రవాణా పోగా నాకు మిగిలేది ఏడు లక్షలకు కాస్త అటూ ఇటూగా. "ఆరు చాలు, ఎక్కువ చూపితే పన్ను పడుతుంది" అని మా ఆడిటరు గారు అంటే సరే అన్నాను. తీరా చూస్తే 2023-24, 2024-25 సంవత్సరాలకు కొత్త పన్ను విధానంలో 7 లక్షల దాకా పన్నే పడేది కాదు. చూపి ఉంటే నాకు పోయేది ఏమీ లేదు. 2024-25కు 6 లక్షల 90 వేలు చూపాను, రూపాయి పన్ను పడలేదు. బిల్లుల్లోంచి ముందే పన్ను కింద కోసుకున్న ఒక శాతం టీడీఎస్ కూడా వాపసు వచ్చింది. ఆ రిటర్ను పట్టుకొని మళ్లీ వెళ్తే, "ఒక్కసారిగా ఇంత పెరిగితే లెక్కలోకి తీసుకోం, మరో రెండేళ్లు ఇలాగే చూపించండి" అన్నారు.

తక్కువ చూపినప్పుడు నమ్మారు, నిజం చూపినప్పుడు నమ్మలేదు.

ప్రైవేటు కంపెనీ ఒకటి 13 శాతానికి ఇస్తానంటోంది. ఇరవై ఏళ్లకు 25 లక్షల మీద, బ్యాంకు ఎనిమిదిన్నర శాతంతో పోలిస్తే నెలకు ఏడున్నర వేలు తేడా. మీ పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0లో నాలాంటి వాడికి వడ్డీ రాయితీ ఉంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు రుణం అయితే 1.80 లక్షల దాకా ఇస్తారు. ముందు రుణమంటూ వస్తే కదా.

నేను కోరేది కొత్తదేమీ కాదు. 2024 జులై బడ్జెట్‌లో మీరే చెప్పారు, చిన్న పరిశ్రమలకు అప్పు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ బ్యాంకులు ఆస్తులో టర్నోవరో మాత్రమే కాక వాటి డిజిటల్ లావాదేవీలు చూసి సొంతంగా అంచనా వేయాలని. పద్ధతిగా ఖాతాలు లేని వాళ్లకూ అది వర్తిస్తుందన్నారు. ఆ కొలమానాన్నే ఇంటి రుణానికీ పెట్టించండి. నా ప్రతి బిల్లూ, దాని మీద కోసిన టీడీఎస్‌తో సహా, పన్ను శాఖ దగ్గరుండే 26ఏఎస్ అనే పట్టికలో కనిపిస్తుంది. మూడేళ్ల 26ఏఎస్, మూడేళ్ల బ్యాంకు ఖాతా పక్కపక్కన పెట్టి చూస్తే నా ఆదాయం నాకన్నా బాగా మీకే తెలుస్తుంది. పనికి పూచీగా పెద్ద కాంట్రాక్టరు ప్రతి బిల్లులో ఏడాదిపాటు ఆపుకునే అయిదు శాతం వల్ల రెండింటికీ కొంత తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకో అధికారులకు ఒక సర్క్యులరులో రాసి పంపితే, పెన్సిలు పట్టుకునే అవసరం వాళ్లకూ తగ్గుతుంది.

ఫైలు మూసేశాక ఆ అధికారి కాస్త మొహమాటంగా, తమ ఇంట్లో బాత్రూము పైన స్లాబు చెమ్మగిల్లుతోంది, ఒకసారి చూడగలరా అని అడిగారు. ఆదివారం వెళ్లాను. కమ్మీ చుట్టూ కాంక్రీటు కవరింగ్ సరిగా వదలలేదు, తుప్పు పట్టింది. ఇద్దరు మనుషులను పెట్టి రెండు రోజుల్లో సరిచేశాను. నాలుగు వేల ఎనిమిది వందలు, బేరం ఆడకుండా అప్పటికప్పుడు ఫోన్‌పేలో వేశారు. ఈసారి స్టేట్‌మెంటు తీస్తే ఆ జమ కూడా అందులో ఉంటుంది.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక సబ్ కాంట్రాక్టరు