ఆదివారం సామూహిక భోజనాల గురించి ఒక మనవి

సభ్యులందరికీ నమస్కారం. పోయిన నెల భోజనాలు ముగిశాక సెల్లార్‌లోని తడిచెత్త డబ్బా మూత తీసి చూస్తే, సగం కొరికిన బొబ్బట్లు, వేలు కూడా పెట్టని పులిహోర ముద్దలు విస్తళ్లతో సహా పైదాకా నిండి ఉన్నాయి. వంటవారిని తప్పుపట్టలేము; ఎంతమంది వస్తారో వారికి మనమే సరిగా చెప్పలేదు.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో 60 శాతం ఇళ్లలోనే పోయిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో అంచనా వేసింది. హోటళ్లను, ఫంక్షన్ హాళ్లను అనడం తేలికే గానీ, పెద్ద వాటా వంటింటిదే. పారేసిన అన్నం డంపింగ్ యార్డులో గాలి తగలని చెత్తగుట్ట అడుగున కుళ్లి, వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్‌ను వదులుతుంది. ఆ బియ్యం పండించడానికి పొలానికి పెట్టిన నీరూ దానితోపాటే పోతుంది.

కనుక ఎవరింటి నుంచి ఎంతమంది వస్తారో, పిల్లలను వేరుగా లెక్కించి, గురువారం రాత్రిలోపు ఇక్కడే తెలియజేయగలరు. బంతిలో మొదట అన్నీ కొద్దికొద్దిగానే వడ్డిస్తారు, కావలసినవారు మారు అడగవచ్చు; వద్దంటున్నా కొసరి కొసరి వడ్డించే మర్యాదను ఈసారికి పక్కన పెడదాం (అందులో నేనూ దోషినే). చివరి బంతి లేచిన వెంటనే, విస్తళ్లలోకి రాని వంటకాలను వేడి తగ్గకముందే మూతగిన్నెల్లో సర్ది, ముందే మాట్లాడి ఉంచిన వసతిగృహానికి పంపుతాము. బయట ఎక్కువసేపు ఉంచిన అన్నంలో మళ్లీ వేడిచేసినా పోని విషపదార్థం తయారయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, సాయంత్రం దాకా ఆగి ఇవ్వడం కుదరదు. ఈ సర్దుడు పనికి నలుగురు కావాలి.