వ్యాపారుల సంఘం వార్షిక నివేదిక: వెతికితే కనిపించే దుకాణాల కోసం ఈ ఏడాది చేసిన పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఇంకే కార్యక్రమం జరిగినా జరగకపోయినా, సభ్యుల దుకాణాలు ఫోన్‌లో వెతికేవాళ్లకు కనిపించేలా చేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అనేదే ఈ నివేదిక. మిగతా కార్యక్రమాలు మీరు చూసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

ముందుగా కృతజ్ఞతలు. అడిగిన ప్రతిసారీ హాలు తాళాలు ఇచ్చిన అధ్యక్షుల వారికి, తన కెమెరాతో దుకాణం దుకాణానికీ తిరిగి ఫొటోలు తీసిపెట్టిన మన యువ సభ్యుడికి, సెలవుల్లో ఇంటికి వచ్చి కూడా రోజూ సాయంత్రాలు మనకే కేటాయించిన ఉపాధ్యక్షుల వారి అమ్మాయికి సంఘం రుణపడి ఉంది. ఆ అమ్మాయి లేకపోతే నాతో సహా కార్యవర్గంలో సగం మందికి లాగిన్ కూడా అయ్యేది కాదు.

మొదటి నెలలో ఇద్దరిద్దరం కలిసి ప్రతి సభ్యుడి దుకాణాన్నీ గూగుల్‌లో వెతికి చూశాం. దుకాణం పేరు కొడితే చాలావరకు వచ్చాయి. పేరు తెలియని కొత్త మనిషి కొట్టినట్టు 'దగ్గర్లో టైలరు', 'ఫ్రిజ్ రిపేరు' అని కొడితే మాత్రం మనవాళ్లు చాలామంది కనిపించలేదు. పేరు తెలిసినవాళ్లు ఎలాగూ వస్తారు. మనమెవరో తెలియనివాళ్ల కోసమే ఈ శ్రమంతా. కనిపించినవాటిలోనూ తప్పులే. ఎప్పుడో మార్చేసిన ఫోన్ నంబర్లు, ఖాళీ చేసిన పాత గది అడ్రసు, ఒకే దుకాణానికి రెండు ప్రొఫైళ్లు (గూగుల్‌లో దుకాణం పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, వేళలు చూపించే పేజీ). ఒక సభ్యుడి దుకాణం రోజూ తెరిచే ఉంటుంది, మ్యాప్‌లో మాత్రం 'శాశ్వతంగా మూసివేశారు' అని ఉంది. వ్యాపారం ఎందుకు తగ్గిందా అని ఆయన ఎన్నాళ్లుగా మథనపడుతున్నారో అక్కడున్న మా అందరికీ తెలుసు.

ప్రతి సమావేశంలోనూ వచ్చిన ప్రశ్నకు ఇక్కడ రాతపూర్వకంగా జవాబు ఇస్తున్నాను. డబ్బు కడితే మ్యాప్ జాబితాలో పైకి తెస్తారా? తీసుకురారు. ప్రకటనలు వేరు, వాటి మీద ప్రకటన అని రాసే ఉంటుంది. మామూలు జాబితాలో వరసను మూడు విషయాలు చూసి నిర్ణయిస్తామని గూగులే చెబుతోంది. వెతికినదానికీ మన వ్యాపారానికీ ఉన్న సంబంధం, వెతికేవాళ్ల నుంచి మన దూరం, మన దుకాణానికి ఉన్న పేరుప్రతిష్ఠ. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. 2015 ఆగస్టు దాకా సెర్చ్ పేజీలో మ్యాప్ కింద ఏడు దుకాణాలు కనిపించేవి, తర్వాత మూడుకు తగ్గించారు. నాలుగో చోట ఉన్న దుకాణం కోసం ఇంకోసారి నొక్కి లోపలికి వెళ్లి చూడాలి, అంత ఓపిక చాలామందికి ఉండదు. ఇంకో మాట. మీ దుకాణంలోనే కూర్చుని వెతికితే దూరం లేదు కాబట్టి మీ దుకాణమే ముందు రావచ్చు. అది చూసి నిశ్చింతగా ఉండకండి. నాలుగు వీధుల అవతల నిలబడి వెతకండి.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గది ఆదివారం నాడు పెట్టిన నమోదు శిబిరం. ఉదయం హాల్లో మొదలుపెట్టి చీకటి పడేదాకా నడిపాం. ప్రొఫైల్ తెరవడానికి ఖర్చేమీ లేదు, కానీ ఆ దుకాణం మనదేనని రుజువు చేసుకోవాలి. ఎలా రుజువు చేయాలో గూగులే చెబుతుంది, మనం ఎంచుకోలేం. చాలామందికి వీడియో అడిగింది. మధ్యలో ఆపకుండా, ఎడిట్ చేయకుండా ఒకే వీడియోలో వీధీ పక్క దుకాణాలూ కనిపించాలి, సైన్‌బోర్డు కనిపించాలి, తాళం తీయడమో గల్లాపెట్టె తెరవడమో లాంటి యజమాని మాత్రమే చేసే పని కనిపించాలి. మధ్యాహ్నం అందరం హాలు వదిలి వీధిలోకి వచ్చేశాం. ఒకరు తాళం తీస్తుంటే ఇంకొకరు వీడియో తీయడం, చెయ్యి వణికితే మళ్లీ మొదటి నుంచి తీయడం. ఎప్పుడో వయసు మళ్లిన ఒక సభ్యుడు నాలుగో ప్రయత్నానికి తీసిన వీడియో ఆమోదం పొందినట్టు కొద్ది రోజుల తర్వాత మెసేజ్ వస్తే, ఆయన ఆ ఫోన్ పట్టుకుని వీధిలో ప్రతి దుకాణానికీ వెళ్లి చూపించారు. ఇన్నేళ్ల సంఘ జీవితంలో నాకు అంత సంతోషం కలిగించిన రోజులు తక్కువ.

శిబిరంలో అన్నిటికన్నా పనికొచ్చింది కేటగిరీ, అంటే మనది ఏ రకం వ్యాపారమో ప్రొఫైల్‌లో చెప్పే వర్గం, మార్పు. ఒక ముఖ్య కేటగిరీ, దానికి తోడు మరో తొమ్మిది వరకు పెట్టుకోవచ్చు. మోటార్లు రిపేరు చేసే సభ్యుడి దుకాణం ఉత్త హార్డ్‌వేర్ దుకాణంగా నమోదై ఉంది. మోటారు రిపేరు కోసం వెతికేవాళ్లకు ఆయన ఎలా కనిపిస్తారు? ముఖ్య కేటగిరీ మార్చి, 750 అక్షరాల లోపు పరిచయంలో ఏమేం బాగుచేస్తారో మామూలు మాటల్లో రాశాం. ఇప్పుడు కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయని ఆయనే చెప్పారు.

తప్పులు కూడా జరిగాయి, దాచడం సరికాదు. మా మాట వినకుండా ఒక సభ్యుడు దుకాణం పేరు పక్కనే 'బెస్ట్, చీప్, దగ్గర్లో' అంటూ తోకలు తగిలించారు. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లో ఉండాలన్నది నియమం. కొన్నాళ్లకు గూగుల్ ఆ ప్రొఫైల్‌ను ఆపేసింది. పేరు సరిచేసి, బోర్డు ఫొటో, కాగితాలు జతచేసి అప్పీలు పెట్టుకుంటే గానీ తిరిగి రాలేదు. ఈలోపు ఆయన పడిన టెన్షన్ చూసినవాళ్లెవరూ మళ్లీ ఆ పని చేయరు.

ఇంకో సభ్యుడి కథ ఇంతకన్నా బాధాకరం. మొదటి స్థానం గ్యారంటీ అంటూ వచ్చిన ఒక ఏజెంటుకు పని అప్పగించారు. ఆ ఏజెంటు ప్రొఫైల్‌ను తన ఈమెయిల్‌తోనే తెరిచి, కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి ప్రొఫైల్ యాజమాన్యం తనకు ఇవ్వమని ఆ సభ్యుడి చేత గూగుల్‌లో అభ్యర్థన పెట్టించాం. మూడు రోజుల గడువులో అవతలి నుంచి జవాబు రాకపోవడంతో, దుకాణం తనదేనని రుజువు చూపించుకుని ప్రొఫైల్ వెనక్కి తెచ్చుకున్నారు. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. యజమాని హోదా మీ సొంత ఈమెయిల్ మీదే ఉండాలి. సహాయకులకు మేనేజర్ హోదా చాలు.

రివ్యూల విషయంలో కార్యవర్గంలోనే గట్టి చర్చ జరిగింది. డిస్కౌంటు ఇచ్చి స్టార్లు రాయిద్దామని కొందరు, సభ్యులం ఒకరికొకరం రాసుకుందామని మరికొందరు అన్నారు. రెండూ నియమాలకు విరుద్ధం, రెండిటినీ కార్యవర్గం తిరస్కరించింది. పని పూర్తయ్యాక నిజమైన కస్టమర్‌ను నోరారా అడగడం, సంతోషపడినవాళ్లనే ఏరి అడగకుండా అందరినీ అడగడం, వచ్చిన ప్రతి రివ్యూకీ మర్యాదగా జవాబు రాయడం, ఇదే సంఘం నిర్ణయం. ఒక స్టార్ ఇచ్చిన కస్టమర్‌కు మన సభ్యురాలు ఒకరు కోపం దిగమింగుకుని, జరిగింది వివరించి, మళ్లీ రమ్మని రాశారు. ఆ కస్టమర్ తిరిగి వచ్చి రివ్యూ మార్చారు. ఆ జవాబును హాల్లో అతికించాం, చూడని వాళ్లు చూడండి.

సొంత వెబ్‌సైట్లు ఉన్నవాళ్లు కొద్దిమందే. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. ఆ పాత లింకునే ఇంకా కార్డుల మీద అచ్చు వేయిస్తున్నవారు వెంటనే మార్చుకోవాలి. కొత్తగా సైటు చేయించుకునేవారు ముందు ఫోన్‌లో తెరిచి చూసుకోండి, గూగుల్ ఇప్పుడు మొబైల్‌లో కనిపించే పేజీనే లెక్కలోకి తీసుకుంటోంది.

ఇక మనసులో ఉన్న మాట. శిబిరానికి సహాయం చేస్తామని 12 మంది పేర్లు ఇచ్చారు. వచ్చింది నలుగురు. మిగతా ఎనిమిది మందిలో ఫోన్ చేసి రాలేమని చెప్పింది ఒక్కరు. పొద్దుటి నుంచి లైనులో కూర్చున్న పెద్దవాళ్లకు సాయంత్రం దాకా వంతు రాకపోవడానికి అదే కారణం. రాలేకపోవడం తప్పు కాదు, ముందు రోజు చెబితే వేరేవాళ్లను పిలుచుకునేవాళ్లం. ఆ నలుగురికీ భోజనం చేసే తీరిక కూడా దొరకలేదని మీకు తెలియాలి.

వెనక వీధి దుకాణాల డోర్ నంబర్లు రికార్డుల్లో ఒకలా, బోర్డుల మీద ఇంకోలా ఉన్నాయి. అందువల్ల ఆ వీధిలో చాలా దుకాణాలకు మ్యాప్‌లో గుర్తు తప్పు చోట పడుతోంది. సరిచేయమని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిసారి ఇచ్చిన కాగితం కనబడలేదన్నారు, రెండోసారి అధికారి సెలవులో ఉన్నారన్నారు, మూడోసారి రసీదు ఇచ్చారు. ఆ రసీదు నా దగ్గరే ఉంది. పని మాత్రం కదలలేదు. వచ్చే నెల కార్యవర్గం అంతా కలిసి వెళ్తుంది, వెనక వీధి సభ్యులు తప్పక వెంట రావాలి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా జతపరిచారు, ఆడిటరు సంతకం అయింది. శిబిరం ఖర్చు అనుకున్న దానిలోనే ముగిసింది. చందా బకాయి ఉన్నవారు దయచేసి ఈ సమావేశంలోనే చెల్లించండి.

రాబోయే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన ఒక్కటే. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక గంట హాలు తెరిచి ఉంచుతాం. పండుగ సెలవుల వేళలు మార్చడం, కొత్త ఫొటోలు పెట్టడం, రివ్యూలకు జవాబు రాయడం అక్కడే కూర్చుని చేసుకోవచ్చు. ఫోన్, పాస్‌వర్డ్ మీవి మీరు తెచ్చుకోండి. ఆ గంట బాధ్యత తీసుకోవడానికి ఇద్దరు కావాలి, పేర్లు ఈ రోజే రాయించాలి.

ఇట్లు,
కార్యదర్శి