మగ్గం ఆపి రాస్తున్న, బిడ్డా

బిడ్డా రమ్యా,

మంచిగున్నవా. ఇక్కడ మేం అందరం మంచిగనే ఉన్నం. అమ్మకు మోకాలు నొప్పి తగ్గింది, చిన్నోడు ట్యూషన్‌కు పోతున్నడు, బాపమ్మ మాత్రం పొద్దుగాల లేవంగనే రమ్య ఫోన్ చేసిందా అని అడుగుతది, 11 దినాలైందట నువ్వు మాట్లాడక, ఆమెనే లెక్కపెట్టి చెప్పింది. వాన ఆగుతలేదు, నూలుకు రంగులేస్తే ఆరుతలేదు, కొత్తవాడల సగం మగ్గాలు గిట్లనే ఆగినయి. తీరిక దొరికింది, రాస్తున్న.

అన్నట్టు మొన్న రాజక్క బిడ్డ పెండ్లిల మీ హాస్టల్ సంధ్య కలిసింది. మంచి పిల్ల. అమ్మ దగ్గరుండి అన్నం పెట్టిచ్చింది. ఏదో మాట కూడా అన్నది, అది తర్వాత రాస్త.

నువ్వు పోయినసారి వచ్చినప్పుడు, వెబ్ పేజీలు చేసుడు నేర్చుకునే నీ క్లాసు నీలం అట్ట నోటుబుక్కు అల్మారల మరిచిపోయినవ్. అది లేకుంట క్లాసుల ఎట్ల రాసుకుంటున్నవో అని తీసి చూసిన. మొదట్ల ఎంత ముద్దుగ రాసినవ్ బిడ్డా, 14వ పేజీ దాటినంక కొట్టివేతలు ఎక్కువైనయి, ఆ తర్వాత అన్నీ తెల్ల కాయితాలే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి చిన్నోని లాప్‌టాప్ అడిగిన. నీకెందుకు బాపూ అన్నడు. నా బిడ్డ ఏం నేరుస్తున్నదో నాకు తెల్వొద్దా అన్న.

నువ్వు రాసిన ప్రకారమే నోట్‌ప్యాడ్ల కొట్టిన. బాణం గుర్తుల నడుమ రాసే మాటలను ట్యాగులు అంటరంట, మొదట హెచ్‌టీఎంఎల్ అని, అది వెబ్ పేజీ రాసే భాష పేరు, దాని లోపల హెడ్, బాడీ, పైన పెద్ద అక్షరాలకు హెచ్1, కింద మాటలకు పీ. హెడ్డింగు 'వరంగల్ జంపఖానాలు' అని పెట్టి, కింద మన కొత్తవాడ మగ్గాల గురించి, 2018ల జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిన సంగతి రాసిన. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట కొట్టేసరికి రాత్రి తొమ్మిదైంది. సేవ్ చేసి నొక్కితే పేజీ రాలేదు, మల్ల నోట్‌ప్యాడే తెరుచుకున్నది. తెల్లారి చిన్నోడు చూసి చెప్పిండు, ఫైలు పేరు చివరకు డాట్ హెచ్‌టీఎంఎల్ అని నేను పెట్టినా, దాని వెనుక డాట్ టీఎక్స్‌టీ అని ఇంకొక తోక ఉన్నదంట, విండోస్ అది కనవడనియ్యదంట. సేవ్ చేసేకాడ 'ఆల్ ఫైల్స్' అని పెట్టి మల్ల చేసినం. ఇప్పుడు పేజీ వచ్చింది గానీ తెలుగు ఒక్క ముక్క లేదు, ఇంగ్లీషు చిన్న 'ఏ' మీద గీత, పక్కకు డిగ్రీ గుర్తు సున్న, వరుసగ గవే. నాకైతే గుండె జారిపోయింది. అప్పుడు నీ నోటుబుక్కు 9వ పేజీల ఎర్ర పెన్నుతోని డబ్బ కొట్టి ఉన్నది చూసిన, 'హెడ్ల మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 మరిచిపోవద్దు' అని. నువ్వు రాసిందే బిడ్డా, అక్షరాలను ఏ లెక్కన చదవాలో బ్రౌజరుకు చెప్పే లైను అది. ఆ ఒక్క లైను పెట్టంగనే 'వరంగల్ జంపఖానాలు' అని తెలుగుల వచ్చింది, అమ్మను పిలిచి చూపిచ్చిన.

మూడో రోజు 'కొత్తవాడ' అన్న మాట ఒక్కటే లావు అక్షరాలల్ల పెడుదామనుకున్న. ఆ మాట కాడికెళ్ళి పేజీ చివరిదాంక మొత్తం లావైపోయింది. ముగిసేకాడ గీత పెట్టి ట్యాగు మూయలేదు, గంతే. పడుగు పోగు తెగినకాడ ముడెయ్యకపోతే జంపఖానా పొడుగునా ఆ సన్నపు సందు ఎట్ల నడుస్తదో గట్లనే ఉన్నది. మగ్గమైతే చేతికి తెలుస్తది. కంప్యూటరు మాత్రం నువ్వు తప్పు చేసినవని చెప్పదు, దానికి అర్థమైనంత చూపిచ్చి ఊకుంటది. అందుకే కొత్తోళ్ళకు ఎక్కడ పోయిందో దొరకదు. తప్పు నీ తెలివిల లేదు బిడ్డా.

సంధ్య ఏమన్నదంటే, రెండు వారాల సంది నువ్వు క్లాసుకు వస్తలేవంట, రూముల పండుకుంటున్నవంట. మూడో వారంలనే జావాస్క్రిప్ట్, అదే పేజీతోని పనులు చేయించే ఇంకో భాష, మొదలువెట్టిండ్రంట, ఇంజినీరింగ్ చదివినోళ్ళు గబగబ చేస్తుంటే బీకాం పిల్లలు వెనుకవడ్డరంట. నేను ఎవ్వలకు చెప్పలేదు, అమ్మకు గూడ. 1995ల ఆ జావాస్క్రిప్ట్‌ను ఒకాయన 10 దినాలల్ల తయారుచేసిండని చిన్నోడు చదివి చెప్పిండు, అయితేంది, నువ్వు 10 దినాలల్ల నేర్వాలని ఎవలన్నరు. 1991ల మొట్టమొదటి వెబ్ పేజీ పెట్టినప్పుడు అందుల బొమ్మల్లేవు, రంగుల్లేవు, మాటలు, లింకులు, గంతే. నీ 14 పేజీలల్ల అంతకంటే ఎక్కువనే ఉన్నది. మల్ల మొదటి పేజీ కాడికెళ్ళి మొదలువెట్టు. ఫోన్ల చూసి కాపీ కొట్టకు, చేత్తోని కొట్టు. ఒక్క లైను రాయి, సేవ్ చెయ్యి, రిఫ్రెష్ కొట్టి చూడు, అప్పుడు ఇంకో లైను. పది లైన్లు ఒక్కసారి రాస్తే తప్పు ఎందుల ఉన్నదో ఎట్ల తెలుస్తది. రంగులు, వాటిని వేసే సీఎస్ఎస్ తర్వాత. పొద్దున లేచి తలస్నానం చేసి కూసో, పండుకొని లాప్‌టాప్ చూడకు, మెడ పడుతది. చెప్పొద్దనుకుంటనే చెప్తున్న, ఏమనుకోకు.

ఫీజు సంగతి మనసుల పెట్టుకున్నవేమో. ఆ చిట్టి నీకోసమే కట్టిన, ఎత్తిన, అయిపోయింది. క్లాసు అర్థం కాకపోతే ఇంటికొచ్చి నేర్చుకో, మనింట్ల కరెంటున్నది, నెట్టున్నది. బతుకమ్మకైతే తప్పకుంట రావాలె, పద్మాక్షి గుట్ట కాడికి సద్దులకు నువ్వు లేకుంట బాపమ్మ పోనంటున్నది.

ఆదివారం మల్లేష్ బావ 11 గంటలకు ఉప్పల్ల దిగుతడు. ఆయన చేతికి నీ నోటుబుక్కు, మురుకులు, కారప్పొడి ఇస్తున్న. కారప్పొడి సీసా మూత గట్టిగ పెట్టు, చీమలొస్తయి. గొడుగు తీసుకపో, ఆటో ఎక్కు, నడవకు. నోటుబుక్కుల 15వ పేజీ కాడ నా పేజీ ప్రింటు తీసి పెట్టిన. అందుల జంపఖానా ఫొటో వస్తలేదు, ఫొటో వేరే ఫోల్డర్ల ఉన్నదని చిన్నోడంటడు, వాడు సరిచెయ్యబోతే నేనే వద్దన్న. అది ఎట్లనో ఆదివారం రాత్రి ఫోన్ చేసి నాకు చెప్పు. ఎన్ని గంటలకైనా సరే, మెలకువతోనే ఉంట.

నీ బాపు