వారంటీ కింద పంపిన స్పీకర్లు పాతవాటికి సమానం కావు: ఫిర్యాదు లేఖ

కాకినాడ

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: వారంటీలో ఉన్న 2.1 (రెండు చిన్న స్పీకర్లు, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్) కంప్యూటర్ స్పీకర్ సెట్‌కు బదులు తక్కువ రకం సెట్ పంపడం, దాని అట్టపెట్టె మీద వేసిన వాట్ల లెక్క గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో కొన్న 2.1 సెట్ వారంటీ గడువు తీరకముందే పాడైంది. మీ సర్వీసు సెంటర్ వారు "బోర్డు దొరకదు" అని రాసి వేరే మోడల్ పంపారు. జాబ్ షీటులో (రిపేరు వివరాలు రాసే కాగితం) దాన్ని "సమాన మోడల్" అన్నారు. ఆ మాట సరికాదు. బిల్లు, జాబ్ షీటు, రెండు సెట్ల వెనకున్న లేబుళ్ల ఫొటోలు ఈ లేఖతో జతచేశాను.

ముందు పాత సెట్ సంగతి. వాల్యూమ్ సున్నాకు తిప్పినా, కంప్యూటర్ నుంచి శబ్దం తెచ్చే ఆక్స్ వైరు పూర్తిగా పీకేసినా సబ్‌వూఫర్‌లో మోత ఆగదు. కంప్యూటర్, స్పీకర్ల ఎర్త్‌లు ఆ వైరు ద్వారా కలిసి ఏర్పడే ఎర్త్ లూప్ వల్ల వచ్చే హమ్ అయితే వైరు పీకగానే పోవాలి. ఇది పోవడం లేదంటే లోపం పవర్ సప్లైలో ఉన్నట్టే. మన కరెంటు 50 హెర్ట్జ్. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ దాటాక అది 100 హెర్ట్జ్ అలలుగా మారుతుంది. ఆ అలల్ని చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోతే వినిపించే మోత ఇదే. మీ టెక్నీషియన్ తీసి జాబ్ షీటుకు పెట్టిన ఫొటోలోనే 4700 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్లు రెండూ తలలు ఉబ్బి కనబడుతున్నాయి. రెండూ 85 డిగ్రీల రకం, రెండూ హీట్‌సింక్‌ను ఆనుకునే ఉన్నాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన లెక్క. గాలాడని చెక్క పెట్టెలో, కోస్తా ఎండాకాలంలో అవి ఎన్నాళ్లు ఉంటాయి?

బోర్డు దొరకదన్న మాట నిజమే కావచ్చు. కానీ ఇక్కడ బోర్డు అవసరమే లేదు. 105 డిగ్రీల రకం కెపాసిటర్లు రెండు తెచ్చి, ప్లస్ మైనస్ చూసుకుని టంకం వేస్తే చాలు. అరగంట పని, సామాను ఖర్చు స్వల్పం. ఆంప్లిఫయర్ ఐసీలు, ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉన్నాయని మీ జాబ్ షీటే చెబుతోంది.

ఇక బదులుగా వచ్చిన సెట్. అట్టపెట్టె మీద "80 వాట్స్ ఆర్‌ఎంఎస్" అని పెద్ద అక్షరాల్లో ఉంది. దానితో ఇచ్చిన అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24 వాట్లు. లోపలికి 24 వాట్లు వెళ్లే పెట్టెలోంచి 80 వాట్లు బయటికి రావడం జరగని పని. కెపాసిటర్లలో నిలవ ఉన్న కరెంటుతో క్షణంపాటు ఎక్కువ రావచ్చునని అంటారేమో. ఆర్‌ఎంఎస్ అని రాసేది నిలకడగా ఇచ్చే పవర్‌ను, ఆ క్షణాన్ని కాదు. కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్-డీ రకం ఆంప్లిఫయర్ నష్టాలు తీసేస్తే మూడు స్పీకర్లకూ కలిపి సుమారు 20 వాట్లు మిగులుతాయి. పాత సెట్ మీద 40 వాట్లు అని ఉండేది. 12-0-12 వోల్టుల, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌తో సబ్‌వూఫర్‌కు 20, చిన్న స్పీకర్లకు పదేసి వాట్లు అన్న ఆ లెక్క సరిపోతుంది. అంకె చిన్నదైనా నిజం రాసిన పెట్టె అది.

పవర్ సగమైనందుకే నా ఫిర్యాదు అనుకోవద్దు. సగం తగ్గినా శబ్దంలో తేడా 3 డెసిబెల్సే. బల్ల ముందు రెండడుగుల దూరంలో కూర్చుని వినేవాళ్లకు 20 వాట్లు సరిపోతాయి. అసలు నష్టం చిన్న స్పీకర్లలో ఉంది. పాతవాటిలో 3 అంగుళాల డ్రైవర్లు (శబ్దం పుట్టించే గుండ్రటి భాగాలు), చెక్క పెట్టెలు. కొత్తవాటిలో 2 అంగుళాలవి, పల్చటి ప్లాస్టిక్. 2 అంగుళాల డ్రైవర్ సుమారు 250 హెర్ట్జ్ కిందికి సరిగా పలకదు. అందుకని ఆ భాగమంతా సబ్‌వూఫర్ మీదికి నెట్టారు. మగవాళ్ల గొంతు మూలస్వరం 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, దానికి నిండుదనమిచ్చేది ఆ పైనున్న భాగం. అది కూడా బల్ల కింది పెట్టెలోంచి వస్తే, సినిమాలో మనిషి తెర మీద ఉంటాడు, గొంతు కాళ్ల దగ్గర ఉంటుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. చిన్న స్పీకర్ల వైర్లు రెండూ పీకేసి, సబ్‌వూఫర్ ఒక్కటే ఉంచి వార్తలు పెట్టండి. పాత సెట్‌లో గుడగుడ తప్ప ఏమీ తెలియదు, ఉండాల్సింది అలాగే. కొత్తదానిలో కొన్ని మాటలు పోల్చుకోవచ్చు. తర్వాత కోరిన హెర్ట్జ్‌లో స్వరం వినిపించే టోన్ జనరేటర్‌లో 120 హెర్ట్జ్ నుంచి మెల్లగా కిందికి రండి. కొత్తది 90 దగ్గర ఒక్కసారిగా ఉబ్బి, 70 దాటాక పోర్టులోంచి (పెట్టెకున్న గాలి రంధ్రం) గాలి భుస్సుమనడమే మిగులుతుంది. పాత ఐదుంబావు అంగుళాల వూఫర్ 55 వరకు స్వరంగా పలికేది. మృదంగం ఎడమవైపు దెబ్బకూ, సినిమాలో ఉరుముకూ తేడా తెలియాలంటే ఆ కింది భాగం ఉండాలి. కొత్త సెట్‌లో రెండూ ఒకే "ధబ్" అవుతున్నాయి. పైగా మూడు స్పీకర్లకూ ఒకటే అడాప్టర్ కావడంతో, బాస్ గట్టిగా పడ్డప్పుడల్లా వోల్టేజి కుంగి పాడేవారి గొంతు కూడా నలిగిపోతోంది.

ఇంకో రెండు లోపాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ రోజూ బాధపెడతాయి. సంకేతం కొద్దిగా తగ్గితే 15 నిమిషాల్లో సెట్ తనంతట తాను నిద్రపోతుంది, మళ్లీ లేచేలోపు మొదటి మాట మింగేస్తుంది. దీన్ని ఆపే స్విచ్ లేదు. ఆక్స్ వైరు మీటరే ఉంది, అదీ పెట్టెకు అతికించినది, మార్చుకునే వీలు లేదు. అడిగితే మీ కాల్ సెంటర్ వారు బ్లూటూత్ వాడమన్నారు. శబ్దాన్ని ఎస్‌బీసీ అనే మామూలు పద్ధతిలో కుదించి పంపే బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యమవడం సాధారణం. ఆలస్యం 125 మిల్లీసెకన్లు దాటితే పెదవులకూ మాటకూ పొంతన తప్పినట్టు తెలుస్తుందని ప్రసార రంగం అంతర్జాతీయ ప్రమాణమే చెబుతోంది. కొన్ని వీడియో ప్లేయర్లు సర్దుకుంటాయి, అన్నీ సర్దుకోవు.

కాబట్టి నేను కోరేది ఇది. మొదటి కోరిక, పాత సెట్‌కే 105 డిగ్రీల కెపాసిటర్లు వేసి తిరిగి ఇవ్వండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇదే, మీకూ ఖర్చు తక్కువే. కుదరకపోతే 3 అంగుళాలకు తగ్గని శాటిలైట్లు (చిన్న స్పీకర్లు), చెక్క సబ్‌వూఫర్ పెట్టె, లేబుల్ మీది ఆర్‌ఎంఎస్ వాట్లకు సరిపడే పవర్ సప్లై, విప్పి మార్చుకోగల 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ వైరు ఉన్న మోడల్ ఇవ్వండి. రంగు దీపాలు, ఎఫ్‌ఎం, రిమోట్ అక్కర్లేదు. అలాంటి మోడల్ మీ దగ్గర లేకపోతే బిల్లు మొత్తం వాపసు చేయండి, కొత్త సెట్‌ను మీ ఖర్చుతో తీసుకెళ్లండి. ఏ దారి ఎంచుకున్నా ఆ 80 వాట్ల అంకెను అట్టపెట్టె మీదా వెబ్‌సైట్‌లోనూ సరిచేయాలి. ఆ అంకె చూసి డబ్బు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. గడువు దాటితే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 చట్టం కింద నేను ఉండే చోటే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. అంతవరకు కొత్త సెట్‌ను ప్యాకింగుతో సహా భద్రపరుస్తాను. పాత సెట్ మీ సర్వీసు సెంటర్‌లోనే ఉంది. దాన్ని తుక్కు కింద తీసేయవద్దని రాతపూర్వకంగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు